సినిమాలో పది పాటలు, ప్లేటులో నాలుగు

పాత తెలుగు సినిమా ఈపీ రికార్డు చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది దాని తేలికదనం. ఏడంగుళాల వెడల్పు, నలభై గ్రాములకు అటూ ఇటూ బరువు. మధ్యలో గుండ్రటి లేబుల్. దాని మీద సినిమా పేరు, రెండు పల్లవులు, పాడినవాళ్ల పేర్లు, సంగీత దర్శకుడి పేరు. రెండో వైపు తిప్పితే ఇంకో రెండు పల్లవులు. అంతే. ఆ సినిమా చూసినవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం ఒకటుంది: మిగతా పాటలేవి?

ఈ చిన్న ప్లేటును అర్థం చేసుకోవాలంటే ఆ అనుమానం దగ్గరే మొదలుపెట్టాలి. 1960, 70లలో తెలుగు సినిమాకు ఎనిమిది, పది పాటలుండటం మామూలే. ఈపీలో పట్టేవి నాలుగు. మిగిలినవాటిలో కొన్ని రెండో ఈపీకి ఎక్కేవి, కొన్ని ఎక్కేవే కావు. ఇళ్లల్లో టీవీ దాదాపు లేదు, వీడియో లేదు. హాల్లోంచి సినిమా వెళ్లిపోయాక పాట మళ్లీ వినబడాలంటే రికార్డు ఉండాలి. రేడియోవాళ్లు వెయ్యాలన్నా, పెళ్లింట్లో మైకు సెట్టువాడు పెట్టాలన్నా కావలసింది రికార్డే. కాబట్టి ప్లేటెక్కిన పాట బతికింది, ఎక్కనిది రీళ్లతో పాటే డబ్బాలోకి వెళ్లిపోయింది. ఈ రోజు మనం 'పాత పాటలు' అని పిలుచుకునే సంపదలో పెద్ద భాగం ఈ జల్లెడలోంచి జారి వచ్చినదే. మంచి పాటలన్నీ నిలిచాయి, నాసిరకంవి పోయాయి అని అనుకోవడం తేలిక. నిజానికి నిమిషాల లెక్క కూడా చాలా పాటల తలరాత రాసింది.

ఆ లెక్క ఈపీతో పుట్టలేదు. దానికి ముందు యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. ఆమె పాట చివర తన పేరు తనే పైకి చెప్పింది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఏ మైనం మాతృక (పాటను మొదట చెక్కే ప్లేటు) ఎవరిదో తెలియడానికి అదొక గుర్తు. 1908 నాటికి కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది, ఆ తర్వాత అది ఊరి పక్కనే ఉన్న డమ్‌డమ్‌కు మారింది. దేశంలో తయారైన రికార్డుల్లో అధిక భాగం అక్కడివే. ప్లేటు తయారీకి లక్క వాడేవాళ్లు. లక్క మన దేశపు అడవుల పంటే, చోటా నాగ్‌పూర్ ప్రాంతం దానికి పెట్టింది పేరు. పదంగుళాల లక్క ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాట. చేయి జారితే ముక్కలే.

ఆ మూడు నిమిషాల ఇరవై సెకన్లు మన సినిమా పాట ఒంటికి కుట్టిన చొక్కా కొలత. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో రెండు వాద్య ఖండాలు, చివర మళ్లీ పల్లవి. ఇంతకు మించితే ఒక చరణం తీసేయాలి, లేదా పాటను రెండు ముక్కలు చేసి ప్లేటుకు రెండు వైపులా ఎక్కించాలి. రెండూ జరిగాయి. అందుకే ఇప్పటికీ పాత సినిమా చూస్తూ ఎవరైనా 'ఈ చరణం ఎప్పుడూ వినలేదే' అని ఉలిక్కిపడుతుంటారు. సినిమాలో ఉంది, రికార్డులో లేదు. ఆ పాటకు రెండు రూపాలు. రేడియోలో వచ్చినది పొట్టి రూపం కాబట్టి మన చెవులకు అదే అసలుదైపోయింది.

తర్వాతి మార్పు అమెరికాలో మొదలైంది. 1948లో కొలంబియా కంపెనీ 12 అంగుళాల లాంగ్ ప్లేను, అంటే ఎల్పీని తెచ్చింది. అది నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేది. మరుసటేడు ఆర్‌సీఏ విక్టర్ దానికి పోటీగా నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల ప్లేటును తెచ్చింది. దాని మధ్యలో పెద్ద బెజ్జం, వైపుకో పాట. 1952లో అదే సైజులో వైపుకు ఏడున్నర నిమిషాల దాకా పట్టేలా గాడిని దగ్గరగా చెక్కిన రకం వచ్చింది. దాని పేరే ఎక్స్‌టెండెడ్ ప్లే, పొట్టిగా ఈపీ. మన దేశానికి వచ్చినది బ్రిటిష్ పద్ధతి, చిన్న బెజ్జంతో.

ఇంత చిన్న ప్లేటులో అంతసేపు ఎలా పట్టిందన్నది చూడదగ్గ విషయం. రికార్డు మీద వందల గీతలు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఒక్కో వైపు ఉండేది ఒకటే గాడి, బయటి అంచు నుంచి లేబుల్ దాకా చుట్లు తిరుగుతూ పోతుంది. 78 ప్లేటులో మూడు నిమిషాల ఇరవై సెకన్లంటే 260 చుట్లు. వాటికి ఉన్న జాగా సుమారు ఏడు సెంటీమీటర్లు, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య పావు మిల్లీమీటరు పైన దూరం. ఈపీలో ఏడు నిమిషాలకు 315 చుట్లు, జాగా మూడు సెంటీమీటర్లే. చుట్టుకు పదో వంతు మిల్లీమీటరు కూడా దక్కదు. వెంట్రుక మందంతో పోల్చదగ్గ ఆ సందులో ఘంటసాల గమకం, సుశీల గొంతులోని పలుకు, వయొలిన్ల గుంపు అన్నీ వంకర్లుగా చెక్కి ఉంటాయి. ఆ గాడిని విప్పి తిన్నగా పరిస్తే దాదాపు 135 మీటర్ల దారి అవుతుంది.

ఇది వినైల్ ప్లాస్టిక్ వల్లే సాధ్యమైంది. లక్క ప్లేటులో గరుకుగా ఉండే పొడి కూడా కలిపేవాళ్లు, ఆ గరుకు సూదికి తగిలి సరసరమనే శబ్దం ఎప్పుడూ వెనకాల వినబడేది. వినైల్ నున్నగా ఉంటుంది, సన్నని ముల్లును మోయగలదు, కింద పడితే పగలదు. కానీ ఉచితంగా ఏదీ రాదు. గాడి దగ్గరైతే వంకరల వెడల్పు తగ్గించాలి, వెడల్పు తగ్గితే శబ్దం చిన్నదవుతుంది. పైగా అదే వేగంతో తిరుగుతున్నా, బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 40 సెంటీమీటర్ల గాడి కదిలితే లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 25 మాత్రమే. అదే సెకను పాటను తక్కువ జాగాలో ఇరికించాలి. సన్నని ధ్వనులు, 'స'కారాలు అక్కడ నలుగుతాయి. ఈపీలో వైపుకు రెండో పాటగా వచ్చినది మొదటిదాని కంటే కాస్త మసకగా వినబడటానికి ఇదొక కారణం. తారస్థాయిలో ముగిసే పాటను లేబుల్ పక్కన పెడితే దానికి అన్యాయం జరిగినట్టే.

ఇక్కడే మన దేశానికీ పడమటి దేశాలకూ మధ్య ఒక తేడా కనిపిస్తుంది. అక్కడ ఏడంగుళాల ప్లేటు అంటే ఎక్కువగా సింగిల్. ఒక గాయకుడు, ఒక హిట్టు పాట, వెనక వైపు ఇంకొకటి. కొనేవాడు గాయకుడి పేరు చూసి కొంటాడు. ఇక్కడ కొనేది సినిమాను. గాయకులు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు, యుగళగీతం, జానపదం, భక్తి పాట, హాస్య పాట అన్నీ ఉండొచ్చు, వాటిని కలిపేది సినిమా పేరే. అందుకే ఇక్కడ ఒక్క పాట సింగిల్ కన్నా నాలుగు పాటల ఈపీ బాగా కుదిరింది. పైగా అప్పటికే పాటలన్నీ 78 కొలతకు కుట్టి ఉన్నాయి. రెండు 78 ప్లేట్లను ఒక చిన్న ప్లేటులో పెట్టడమే ఈపీ. సంగీత దర్శకులు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది. 1962 నాటి గుండమ్మ కథలో పాటలు ఎనిమిది. లెక్కప్రకారం 78లైతే నాలుగు, ఈపీలైతే రెండు.

అయినా 78 వెంటనే పోలేదు. ఇంగ్లండులో, అమెరికాలో అది అటకెక్కాక కూడా డమ్‌డమ్ ఫ్యాక్టరీ దాన్ని అచ్చు వేస్తూనే ఉంది. 1960లలో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78 ప్లేట్లుగా వచ్చాయి. ఇప్పుడు ప్రపంచంలోని సేకర్తలు వాటి కోసం వెతుకుతుంటారు. కారణం చాలా సాదా: ఊళ్లలో కరెంటు లేదు, చేత్తో తిప్పే కీ గ్రామఫోన్లు ఉన్నాయి. 45 చుట్ల ఈపీకి మోటారూ, వినిపించడానికి ఆంప్లిఫయరూ కావాలి. కాబట్టి ఒకే సినిమా పాట కొన్నేళ్ల పాటు రెండు రూపాల్లోనూ వచ్చింది. పట్నంలో బ్యాటరీల మీద కూడా పనిచేసే హెచ్ఎంవీ ఫియెస్టా లాంటి చిన్న రికార్డు ప్లేయర్లు వచ్చాక ఈపీకి కాళ్లు వచ్చాయి.

తెలుగు పాటకు ఈ ప్రయాణంలో అదనపు మెలిక ఒకటుంది. పాట పుట్టేది మద్రాసులో. కోడంబాకం చుట్టుపక్కల స్టూడియోల్లో వాద్యబృందమంతా ఒకే గదిలో కూర్చుని వాయిస్తే, గాయకులు వాళ్లతో కలిసి పాడితే అది టేపు మీదికి వచ్చేది. ప్లేటయ్యేది కలకత్తాలో. వినేది బెజవాడలో, వరంగల్లులో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. మద్రాసులో రికార్డుల వ్యాపారానికి అప్పటికే లోతైన వేళ్లు ఉన్నాయి. 1930ల మొదట్లో మౌంట్ రోడ్డులో సరస్వతి స్టోర్స్ పెట్టి ఓడియన్ రికార్డులు అమ్మిన భాగస్వాముల్లో ఒకరు ఎ.వి.మెయ్యప్పన్. ఆయనే తర్వాత ఏవీఎం స్టూడియో స్థాపించారు. ముందు ప్లేట్ల అంగడి, ఆ తర్వాత సినిమా. దక్షిణాదిలో పాటకూ సినిమాకూ ఉన్న బంధం ఎటు నుంచి మొదలైందో ఆ ఒక్క జీవితంలోనే చూడొచ్చు.

ఏ నాలుగు పాటలు? ఎంపిక కంపెనీ, నిర్మాత కలిసి చేసుకునేది. బజారులో ఏది ఆడుతుందో అన్నదే కొలబద్ద. యుగళగీతాలకు మొదటి పీట. కథ నడవడానికి పెట్టిన చిన్న పాట, ఒకటిన్నర నిమిషాల జోలపాట, బిచ్చగాడి తత్వం లాంటివి వెనక్కి పోయేవి. పౌరాణికాల్లో ఈ దెబ్బ బాగా తగిలింది. పద్యం నిడివి నిమిషం, నిమిషంన్నర. ఒక పాట జాగాలో రెండు పద్యాలు పెట్టొచ్చు గానీ కొనేవాళ్లు పాటనే అడుగుతారు. 78ల కాలంలో తెలుగు నాటక పద్యాలకు గొప్ప గిరాకీ ఉండేది. కృష్ణ రాయబారం పద్యాలు ఊరూరా మోగేవి. ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం సినిమాతో సంబంధం లేకుండానే ఇళ్లల్లోకి వెళ్లింది. సినిమాల ఈపీ రాజ్యంలో ఆ పద్యానికి చోటు ఇరుకైపోయింది. పద్యం పోవడానికి నాటకం తగ్గడం, చదువుల తీరు మారడం లాంటి పెద్ద కారణాలున్నాయి, నిజమే. కానీ చేతికందిన రికార్డులో పద్యం లేకపోవడం కూడా వాటిలో ఒకటని ఒప్పుకోవాలి.

లేబుల్ దగ్గర కాసేపు ఆగాలి. దాని మీద ఏముంటే అదే జనానికి తెలిసేది. 1949లో మహల్ సినిమాలోని 'ఆయేగా ఆనేవాలా' పాట 78 ప్లేటు మీద గాయని పేరు 'కామిని' అని అచ్చయింది. అది సినిమాలో మధుబాల పాత్ర పేరు. పాడినది లతా మంగేష్కర్. ఎవరు పాడారంటూ రేడియోకు ఉత్తరాలు వచ్చాకే అసలు పేరు బయటపడింది. గౌహర్ జాన్ తన పేరు తనే చెప్పుకున్న నలభై ఏడేళ్లకు కూడా నేపథ్య గాయనికి తన ప్లేటు మీద తన పేరు దక్కలేదు. ఈపీల కాలానికి ఆ పరిస్థితి మారింది. గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు, చాలాసార్లు గీతరచయిత పేరు కూడా లేబుల్ మీదో కవరు వెనకో కనిపించేవి.

రేడియో అనౌన్సరు చేతిలో ఉండేది ఆ లేబులే. 'చిత్రం... సంగీతం... గానం...' అని మన చెవుల్లో నాటుకుపోయిన వరుస అందులోంచి వచ్చినదేనని అనుకోవచ్చు. 1952 తర్వాత కొన్నేళ్లు ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. అప్పుడు శ్రోతలంతా రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తూ సముద్రం అవతల నుంచి ఇంటి మనిషైపోయారు. 1957లో వివిధ భారతి వచ్చింది. వీటన్నిటికీ ముడిసరుకు ఒకటే, రికార్డుల బీరువా. బీరువాలో లేని పాట ఎన్ని ఉత్తరాలు రాసినా రాదు. గీతరచయిత పేరు లేబుల్ మీద లేకపోతే రేడియోలోనూ ఉండదు. ఎంతోమంది కవుల పేర్లు జనం నోటికి రాకపోవడానికి చిన్న లేబుల్ మీద చోటు చాలకపోవడం కూడా కారణమంటే బాధగానే ఉంటుంది, కానీ అబద్ధం కాదు.

లేబుళ్ల పేర్లు చూస్తే పెద్ద పోటీ నడిచినట్టు కనిపిస్తుంది. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్, ఏంజెల్. ఒక్కోదానికి వేరే బొమ్మ, వేరే రంగు, వేరే నంబర్ల వరుస. హెచ్ఎంవీ ఈపీ అయితే '7ఈపీఈ', ఏంజెల్ అయితే 'టీఏఈ', ఓడియన్ అయితే 'ఈఎంఓఈ'. వెనక ఉన్నది మాత్రం ఒకటే సంస్థ, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. ఇప్పటి సరిగమ అదే. 1970లలో పాలీడోర్ రంగంలోకి దిగాక గానీ దానికి చెప్పుకోదగ్గ పోటీ రాలేదు. దశాబ్దాల పాటు దేశంలో ఏ పాట అచ్చవుతుందో దాదాపు ఒకే గుమ్మం తేల్చింది. ఒకవైపు ఇది పాటలకు నష్టమే. ఇంకోవైపు, అన్నీ ఒకే చోట నంబర్ల వారీగా నమోదై ఉండటం వల్లే ఈ రోజు చరిత్ర రాయాలనుకునేవాళ్లకు ఒక దారం దొరుకుతోంది.

డబ్బు సంగతి ముక్తసరిగా: రికార్డుల మీద రాయల్టీ నిర్మాతకు వెళ్లేది. 1977లో సుప్రీంకోర్టు కూడా, వేరే ఒప్పందం లేకపోతే సినిమా కోసం చేసిన పాట మీద హక్కు నిర్మాతదేనని చెప్పింది. కవికి, సంగీత దర్శకుడికి చట్టం గట్టి వాటా ఇచ్చింది 2012 సవరణతోనే. ఈపీల మీద పేర్లు మెరిసిన కవుల్లో చాలామంది అప్పటికి లేరు.

ఇంతకీ ఈపీలు ఎవరు కొన్నారు? మామూలు ఇళ్లు తక్కువే. రికార్డు ప్లేయరు ఉన్న ఇల్లు ఊళ్లో ఒకటో రెండో. ఈపీ ఎక్కువగా పదిమంది మధ్య మోగిన వస్తువు. మైకు సెట్టు అద్దెకిచ్చేవాడి రేకు పెట్టెలో అవి నిలువుగా పేర్చి ఉండేవి. పెళ్లి పందిట్లో, శ్రీరామనవమి చలువ పందిరిలో, వినాయక చవితి మండపంలో తెల్లారకముందే భక్తి పాట, పొద్దెక్కాక కొత్త సినిమా ఈపీ. కొబ్బరి చెట్టుకు కట్టిన బాకా మైకు నుంచి ఆ పాట పక్క ఊరికి కూడా వినబడేది. టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలవబోతోందని తెలియడానికి పాట పెట్టేవాళ్లు. ఆంధ్ర జాతరల్లో రికార్డు పెట్టి వేసే ఆటకు పేరే 'రికార్డింగ్ డ్యాన్సు' అయింది. రికార్డులు పోయి, క్యాసెట్లు పోయి, ఇప్పుడు ఫోన్లో పాట పెట్టినా ఆ పేరు మారలేదు.

భాషలో మిగిలిన మరో గుర్తు 'అరిగిపోయిన రికార్డు'. చెప్పిందే చెప్పేవాణ్ణి అలా అంటాం. సరిగ్గా చూస్తే అది అరుగుదల కన్నా గీత పడటం వల్ల వచ్చే జబ్బు. గాడి గోడ తెగితే ముల్లు ముందుకు పోలేక వెనక చుట్టులోకి జారుతుంది. మళ్లీ అదే ముక్క. 78 ప్లేటులో ఒక చుట్టు ముప్పావు సెకను కాబట్టి ఒక అక్షరమో రెండో తిరగబడతాయి. 45 ఈపీలో ఒకటింబావు సెకను పైన, ఒక చిన్న మాట మొత్తం. ఎల్పీలో దాదాపు రెండు సెకన్లు. పల్లవిలో ఏ మాట దగ్గర ముల్లు ఇరుక్కుందో ఆ మాట జీవితాంతం గుర్తుండిపోయినవాళ్లు ఉన్నారు.

అరుగుదల కూడా తక్కువేమీ కాదు. ఆనాటి చవక ప్లేయర్లలో ముల్లు గాడి మీద చాలా గ్రాముల బరువు మోపేది. ఇప్పటి మంచి ప్లేయర్లలో అది రెండు గ్రాముల లోపు. దానికి తోడు దుమ్ము, చెమట చేతులు. రోహిణి కార్తె ఎండలో పెట్టె మూత తీసి ఉంచితే వినైల్ వంగిపోతుంది. ఎక్కువ మందికి నచ్చిన పాటే ఎక్కువగా అరిగింది. అంటే ఇప్పుడు శుభ్రంగా దొరికే ఈపీలు చాలావరకు ఎవరూ పెద్దగా వినని సినిమాలవి. అందరూ ప్రేమించిన పాట గరగరలాడుతూ దొరుకుతుంది. ఆ గరగర వినపడగానే విసుక్కోకూడదు. అది అన్ని పెళ్లిళ్లలో మోగింది మరి.

సౌండ్‌ట్రాక్ అనే మాట గురించీ ఒకటి చెప్పాలి. పడమటి దేశాల్లో సినిమా సంగీతం రికార్డు అంటే నేపథ్య సంగీతం కూడా అందులో భాగం. ఇక్కడ సినిమా రికార్డు అంటే పాటలే. మన సంగీత దర్శకులు రీరికార్డింగులో పెట్టిన గొప్ప ముక్కలు, సన్నివేశం నడిపించిన ఒంటి వేణువు, భయం పుట్టించిన వీణ తీగ, ఏ ఈపీలోనూ లేవు. ఏడు నిమిషాల్లో వాటికి చోటెక్కడ? ఇప్పుడు జనం బీజీఎం అంటూ ఇష్టంగా వెతుక్కునే ఆ సంగీతం ఆ రోజుల్లోది సినిమా ప్రింటులో మాత్రమే ఉంది, మాటల చప్పుడుతో కలిసి. ప్రింటు పోతే అదీ పోయినట్టే. ఈపీ జల్లెడ వల్ల జరిగిన నష్టాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నేపథ్య సంగీతం రికార్డెక్కలేదు గానీ సంభాషణలు ఎక్కాయి. 1975లో షోలే విడుదలయ్యాక పాలీడోర్ ఆ సినిమా మాటలను రికార్డులుగా తెస్తే దేశమంతా అవి మోగాయి. తెలుగులో అదే ఏడాది వచ్చిన ముత్యాలముగ్గులో ముళ్లపూడి వెంకటరమణ రాసిన, రావు గోపాలరావు పలికిన మాటలు, 1977 నాటి దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ పలికిన కొండవీటి వెంకటకవి మాటలు మైకుల్లో పాటలతో సమానంగా వినబడ్డాయి. పద్యానికి చోటివ్వని బజారు మాటకు చోటిచ్చింది. కర్ణుడి కథలో ఆ దీర్ఘ సమాసాలను కంఠస్థం చేసి అప్పజెప్పిన పిల్లలు తెలుగు నేల నిండా ఉండేవాళ్లు. ఒకప్పుడు పద్యం చేసిన పనిని రికార్డు మీది సంభాషణ చేసింది.

1970లలో గ్రామఫోన్ కంపెనీ 'సూపర్ సెవెన్' అనే రకం తెచ్చింది. అదే ఏడంగుళాల ప్లేటు, కానీ 33⅓ చుట్లే. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎక్కువ పాటలు పడతాయి. శబ్దం మాత్రం ఇంకాస్త పలుచబడుతుంది, లేబుల్ దగ్గర నలుగుడు ఇంకాస్త పెరుగుతుంది. మరోపక్క ఎల్పీలు పెరిగాయి. శంకరాభరణం లాంటి సినిమాను నాలుగు పాటలకు కుదించడం ఎవరి వల్ల అవుతుంది? 1980లో వచ్చిన ఆ సినిమా పాటలు ఎల్పీగా ఇళ్లల్లోకి వెళ్లాయి. వరుసగా వింటే కథ మొత్తం చెవులతో చూసినట్టుండేది. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాక విడుదలైన భగవద్గీత కూడా ఎల్పీకే తగిన పని. ఈపీలో అది పట్టదు, పట్టకూడదు కూడా.

ఈపీని చంపినది ఎల్పీ కాదు, క్యాసెట్. ఫిలిప్స్ దాన్ని 1963లోనే తయారు చేసినా మన దగ్గర 1980లలో ఊపందుకుంది. క్యాసెట్టుకు డమ్‌డమ్ అక్కర్లేదు, పెద్ద ప్రెస్సు అక్కర్లేదు. టేపులు నకలు తీసే యంత్రాలు కొన్ని ఉంటే ఎవరైనా కంపెనీ పెట్టొచ్చు. ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా, అన్ని పాటలూ. బస్సులోనూ మోగుతుంది, పొలం గట్టు మీదా మోగుతుంది, గతుకులకు ముల్లు ఎగరడమనేది లేదు. జల్లెడ తీసేసినట్టయింది. ఆ స్వేచ్ఛ నిజంగా గొప్పది. ఒకే గుమ్మం ముందు నిలబడే రోజులు పోయాయి. కానీ నంబర్లు, పేర్లు, తేదీలు కూడా చెదిరిపోయాయి. దొంగ క్యాసెట్ల మీద కవి పేరు కాదు కదా, సంగీత దర్శకుడి పేరు కూడా ఉండేది కాదు. 1990ల మొదటి ఏళ్లకు సినిమా రికార్డుల అచ్చు దాదాపు ఆగిపోయింది.

ఇప్పుడు ఇంటర్నెట్టులో వినే పాత తెలుగు పాటల్లో కొన్ని కంపెనీ దగ్గరున్న అసలు టేపు నుంచి వచ్చినవి, కొన్ని ఎవరో దాచుకున్న ప్లేటు నుంచి ఎక్కించినవి. రెండోవి గుర్తుపట్టడం కష్టం కాదు, మొదట్లో ఒక చిటపట ఉంటుంది. ప్లేయరు కాస్త వేగంగా తిరిగి ఉంటే గొంతు పలుచగా, శ్రుతి ఎత్తుగా వినబడుతుంది. ఆ తప్పు శ్రుతినే విని నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. పాటను ఎక్కించేటప్పుడు ఏ ప్లేటు నుంచి, ఏ నంబరు, సినిమా రూపమా రికార్డు రూపమా అన్న మూడు ముక్కలు రాస్తే చాలు, రాబోయేవాళ్ల పని సగం తీరుతుంది.

ఈ పనిని ఏళ్ల తరబడి ఒంటరిగా చేసిన వాళ్లున్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు జీవితకాలం పోగుచేసిన రికార్డులు, వాటి గురించి ఆయన రాసిన వ్యాసాలు లేకపోతే తెలుగు పాట చరిత్రలో ఎన్నో ఖాళీలు అలాగే ఉండేవి. పాత పుస్తకాలకూ పాత ప్లేట్లకూ పేరుపడ్డ మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. హైదరాబాదు జుమ్మెరాత్ బజారు లాంటి చోట్ల ఇప్పటికీ తుప్పు సామాన్ల మధ్య ఈపీల కట్టలు కనిపిస్తుంటాయి. కవర్లు ఉండవు, చెమ్మకు బూజు పట్టి ఉంటాయి. వ్యక్తుల అభిమానం మీదే ఇంత సంపద నిలబడటం మంచిది కాదు. తెలుగు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల్లో ఒక్కటైనా సినిమా రికార్డుల పట్టికను పూర్తి చేసి, ప్లేట్లను నిలువుగా, చల్లని గదిలో భద్రపరిచే బాధ్యత తీసుకోవాలి. తాటాకుల కోసం చేసిన పనే ఇది. తాటాకు కన్నా దీని వయసు తక్కువ, ఆయుష్షూ తక్కువే.

అలాంటి కట్టలో ఒక ఈపీ దొరికితే దాన్ని చదవడానికి లేబుల్ ఒక్కటే సరిపోదు. దీపం కింద వాలుగా పట్టుకుని లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ వలయాన్ని చూడాలి. పాట అయిపోయి ముల్లు ఊరికే తిరిగే ఆ నల్లని చోట కొన్ని అంకెలు, అక్షరాలు సన్నగా చెక్కి ఉంటాయి. అది మ్యాట్రిక్స్ నంబరు, ఆ వైపు గాడి ఏ మాతృక నుంచి అచ్చయిందో చెప్పే గుర్తు. కవరు పోయినా, లేబుల్‌ను చెదలు తిన్నా ఆ అంకెలు చెరగవు. వాటిని పట్టుకుని వెళితే సినిమా పేరు తెలుస్తుంది, ఆ పక్క నంబరు ఉన్న రెండో ఈపీ కూడా ఉందని తెలుస్తుంది, అందులో మనం ఎప్పుడూ వినని మరో నాలుగు పాటలు ఉండొచ్చు.